ఆరిన తరువాత నిలుచు పరిమళము

ఆదోని బజారులో అత్తరు అమ్ముచోట కొంతసేపు నిలిచినయెడల ఒక సంగతి కనబడును. అమ్మువాడు చిన్న సీసా మూత తీసి, తడిసిన పుల్లను కొనువాని ముంజేతిమీద రాయును. కొనువాడు ఆ చేతిని ముక్కునొద్దకు తెచ్చుకొని, ఒక్కసారి పీల్చి, “బాగున్నది” అనును. బేరము ముగియును. కాని అతడు రైలెక్కి ఆస్పరిలో దిగి కైరుప్పల చేరులోపల ఆ చేతిమీది వాసన మారిపోవును. అంగడిలో మల్లెవలె గుప్పుమన్నది ఇంటి గడప తొక్కుసరికి అరగదీసిన చందనపు చెక్కవలె చల్లగా, తక్కువగా మిగులును. “మల్లె అంటివే, మల్లె ఏది?” అని ఇంటివారందురు. కొందరు అంగడివానిని నిందింతురు. కొందరు తమ ముక్కునే నమ్మకుందురు.

ఈ రెండు వాసనలలో అత్తరుయొక్క నిజమైన వాసన ఏది? మొదట వచ్చినదా, కడపట నిలిచినదా? మారినది గనుక అది మోసమా? ఇది అంగడిలో పుట్టిన ప్రశ్నయే గాని అంగడితో తీరునది కాదు. మనము మనుష్యులను గూర్చి దినదినము తీర్చు తీర్పులన్నియు ఈ ప్రశ్నను ఆనుకొనియున్నవి. గనుక ఈ మాసము మన చదువరులతో కలిసి దీనిని నిదానముగా ఆలోచింపగోరుచున్నాము.

ముందుగా సంగతి ఎట్లు జరుగునో తెలిసికొందము. అత్తరు ఆరుట తడిబట్ట ఆరుటవంటిది కాదు. తడిబట్టలో నుండి పోవునది నీరొక్కటే. అత్తరులోనైతే అనేక పదార్థములు కలిసియున్నవి. అవన్నియు ఒక్కసారిగా గాలిలో కలియవు. తేలికగా ఆవిరియగునవి ముందుగాను, బరువైనవి వెనుకగాను, ఒకదాని వెంట ఒకటి బయలుదేరును. నిమ్మతొక్క వాసనకు ముఖ్యమైన లిమొనీన్ అను పదార్థము 176 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద మరుగును. అనేక పుష్పములలో నుండు లినలూల్ 198 డిగ్రీల వద్ద మరుగును. చందనములోని శాంటలాల్ మరుగుటకు సుమారు 300 డిగ్రీల వేడి కావలెను. మన చర్మపు వెచ్చదనము సుమారు 32 మొదలు 34 డిగ్రీలే. ఆ కొద్ది వెచ్చదనమునకే ఇవన్నియు కొంచెము కొంచెముగా లేచిపోవును గాని, సులభముగా మరుగునది త్వరగా పోవును, కష్టముగా మరుగునది నిలిచియుండును. అందుచేత నిమ్మవంటి వాసన కొద్ది నిమిషములలో తగ్గిపోవును. పువ్వులవాసన మరికొంతసేపు నిలుచును. చందనము, వట్టివేరు మరునాటివరకును బట్టను వదలవు.

విలియం పౌచర్ అను ఆంగ్లేయ నిపుణుడు గడచిన శతాబ్దములో పరిమళద్రవ్యములను ఒక్కొక్కటిగా పరీక్షించి, అవి నిలుచు కాలమునుబట్టి వాటికి 1 మొదలు 100 వరకు అంకెలిచ్చెను. 14 వరకు అంకె పొందినవి మొదటి వాసనలనియు, 15 మొదలు 60 వరకు నడిమి వాసనలనియు, 61 మొదలు 100 వరకు కడవరి వాసనలనియు అతడు ఏర్పరచెను. చందనమునకు 100 వచ్చెను. ఈ పని ఎరిగినవారు అత్తరును వెంటనే మెచ్చుకొనరు, వెంటనే త్రోసివేయరు. ఒక కాగితపు ముక్కమీదనో చేతిమీదనో రాసి, తమ ఇతర పని చూచుకొని, మరల వచ్చి వాసన చూతురు. సాయంకాలము మరల చూతురు. అప్పుడే దాని విలువ చెప్పుదురు.

ఉత్తరప్రదేశములోని కన్నౌజు పట్టణము అత్తరునకు తరతరములుగా పేరుపొందినది. అక్కడ పాతపద్ధతిలో అత్తరు తీయు విధము మన ప్రశ్నకు చాల వెలుగునిచ్చును. పెద్ద రాగిపాత్రలో పువ్వులను నీళ్లను పోసి, మూతచుట్టు మట్టి మెత్తి, క్రింద కట్టెలును పిడకలును మండింతురు. పువ్వుల ఆవిరి వెదురుగొట్టము గుండ మరియొక పాత్రలోనికి పోవును. ఆ రెండవ పాత్ర చన్నీటి తొట్టిలో నుండును. దానిలో ముందుగానే చందనతైలము పోసియుంచెదరు. గులాబి గాని మల్లె గాని తనంతట తాను ఎక్కువసేపు నిలువజాలదు. చందనము దానిని తనలో పట్టి ఉంచును. పువ్వు తన వాసనను చందనమునకు ఇచ్చుచున్నది, చందనము తన ఓర్పును పువ్వునకు ఇచ్చుచున్నది.

అయితే చందనము ధర మిక్కిలి పెరిగినందున ఈ కాలమున చాలమంది దానికి బదులుగా వాసనలేని ఖనిజతైలమును వాడుచున్నారు. సీసా మూత తీసిన క్షణములో ఈ రెండింటికి భేదము కనిపెట్టుట సామాన్యునికి కష్టము. పై వాసన రెండింటిలోను పువ్వు వాసనయే. ఆరిన తరువాతనే అడుగున ఏమున్నదో బయలుపడును. ఒకదానిలో పువ్వు పోయినను చందనము నిలుచును. మరియొకదానిలో పువ్వు పోయిన తరువాత జిడ్డు మాత్రమే మిగులును. ఇది మొదట గుర్తుంచుకొనవలసిన సంగతి. వాసన మారుట మోసము కాదు. అడుగున ఏమియు లేకపోవుటయే మోసము.

దీనికి ఎదురుగానున్న సంగతి కైరుప్పలవారికి మేము చెప్పనక్కరలేదు. ఉగాది మరునాడు ఆ ఊరిలో జరుగు పిడకల సమరము దూరప్రాంతములవారును ఎరిగినదే. ఊరు రెండు పక్షములై పిడకలు విసరుకొను ఆ ఆచారమును గూర్చి విచారించుట ఇక్కడ మా ఉద్దేశము కాదు. ఆ పిడకలు చేసిన స్త్రీల చేతులను మాత్రము తలంచుకొందము. పేడ పచ్చిగా ఉన్నప్పుడు పట్టణమునుండి వచ్చినవాడు ముక్కు మూసికొని తొలగిపోవును. అదే పేడను గోడకు చరచి ఎండలో కొన్నాళ్లు ఉంచినయెడల, ఎండుగడ్డి వాసన తప్ప మరేమియు ఉండదు. దానినే ఇంటిలోనికి తెచ్చి పొయ్యిలో పెట్టి అన్నము వండుకొందుము. అత్తరు విషయములో మొదటి వాసన మనలను పిలిచి పొరబాటు చేయించును; పేడ విషయములో మొదటి వాసన మనలను తరిమి పొరబాటు చేయించును. రెండుచోట్లను తొందరయే కారణము.

మన నల్లరేగడి నేలయు ఇదే పాఠము చెప్పుచున్నది. తొలకరి చినుకు పడగానే లేచు మట్టివాసనకు ముసలివారుకూడ గడపలోనికి వచ్చి నిలుచుందురు. ఆ వాసన ఎక్కడనుండి వచ్చుచున్నదని ఆస్ట్రేలియాలో ఇసబెల్ జాయ్ బేర్, రిచర్డ్ థామస్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు పరిశోధించి 1964లో ప్రకటించిరి. వర్షములేని దినములలో మొక్కలనుండి వచ్చిన కొన్ని నూనెలు మట్టిలోను రాళ్లలోను చేరియుండి, తడి తగులగానే గాలిలోనికి లేచునని వారు చెప్పిరి. మట్టిలోని సూక్ష్మజీవులు చేయు జియోస్మిన్ అను పదార్థమును ఆ వాసనలో కలిసియుండును. కన్నౌజులో కాల్చిన మట్టినుండి ఈ వాసనను తీసి మట్టి అత్తరుగా అమ్ముదురను సంగతినికూడ వారు తమ వ్యాసములో వ్రాసిరి. వానలేక మనము ఏడ్చిన దినములలోనే నేల ఆ పరిమళమును కూర్చుకొనుచుండెనని తెలిసికొన్నప్పుడు, ఎండిన కాలములో కనబడినదానినిబట్టి ఏ నేలను గాని ఏ మనిషిని గాని చచ్చినదని చెప్పుటకు నోరు రాదు.

ఇప్పుడు చర్మమును గూర్చి ఆలోచింతము. ఒకే సీసాలోని అత్తరును ఇద్దరు రాసికొన్నను వాసన సరిగా ఒకటే కాదు. ఒకరి దేహపు వేడి ఎక్కువ, మరియొకరి చర్మములో సహజమైన నూనె ఎక్కువ, వేరొకరి చెమట వేరు. పూలకొట్టులో మల్లెలతోను కనకాంబరములతోను చేర్చి కట్టు దవనమును మనమందరము ఎరుగుదుము. ఆంధ్ర, కర్ణాటక, తమిళ దేశములలో పండు ఈ దవనమునుండి తీసిన నూనె ఒక్కొక్కరి చర్మముమీద ఒక్కొక్క విధముగా పరిమళించునని సుగంధముల పనివారు చెప్పుదురు. పౌలుకూడ కొరింథీయులకు వ్రాసిన రెండవ పత్రిక 2వ అధ్యాయములో ఒకే సువాసన కొందరికి జీవముగాను మరికొందరికి మరణముగాను ఉండుటను గూర్చి మాటలాడుచున్నాడు. పోయబడినది ఒకటే, పుచ్చుకొన్నవారు వేరు.

అనుభవముగలవారు చెప్పు మరియొక మాట గలదు. పొడిబారిన చర్మముమీద పరిమళము త్వరగా పోవును. కొంచెము నూనెగల చర్మముమీద ఎక్కువసేపు నిలుచును. కాబట్టి వాసన నిలువలేదని చెప్పునప్పుడు, “ఈ అత్తరు మంచిది కాదు” అనుట సగము విచారణ మాత్రమే. “ఇది ఎట్టి చర్మముమీద పోయబడినది?” అనికూడ అడుగవలెను. ఈ మాటను చదువరులు చేత పట్టుకొనియుండవలెనని కోరుచున్నాము. దీనిని మరల ఎత్తుకొందుము.

ఇక మన ప్రశ్నకు వత్తము. మొదటి వాసన నిజమా, కడవరి వాసన నిజమా?

కొందరందురు: “మొదట వచ్చునదంతయు పైపై మెరుగు. కన్నీళ్లు, కౌగిలింతలు, పెద్ద మాటలు, ఇవన్నియు ఆవిరి. కడకు మిగులునదే నిజము.” ఈ మాటలో బలమున్నది. ప్రసంగి 7వ అధ్యాయము మొదటి వచనములో మంచి పేరు సుగంధతైలముకంటె ఎక్కువయని చెప్పి, 8వ వచనములో ఒక పని మొదలుకంటె దాని ముగింపును మెచ్చుకొనుచున్నాడు. ఆ రెండు మాటలు ఒకే పుటలో నుండుట ఊరక జరిగినది కాదని మాకు తోచుచున్నది. తైలము మొదట ఎక్కువగాను పిమ్మట తక్కువగాను ఉండును. మంచి పేరైతే మొదట తక్కువగాను కడపట ఎక్కువగాను ఉండును.

అయినను మొదటి వాసనను తృణీకరించుటయు న్యాయము కాదు. నిమ్మవాసన త్వరగా పోవును గనుక అది అబద్ధమా? అది ఉన్నంతసేపు నిజముగానే ఉన్నది. అలసి ఇంటికి వచ్చినవానికి గడపలో ఎదురువచ్చిన చిరునవ్వు సాయంకాలమువరకు నిలువకపోవచ్చును. అయినను అది అతనికి ప్రాణము పోసినది. పెండ్లినాటి సంతోషము పదియవ సంవత్సరములో అదే రీతిగా ఉండదు. ఉండవలెనని కోరువారు పెండ్లినే పాడుచేసికొందురు. అది మారి, ఒకరి జ్వరమునకు ఒకరు మేలుకొనుటగాను, ఒకరి కోపమును ఒకరు మోయుటగాను నిలిచినయెడల, పువ్వు పోయి చందనము మిగిలినదని చెప్పవలెను. కాబట్టి మొదటిది అబద్ధము కాదు, కడపటిది మాత్రమే నిజము కాదు. మొదటిదానినే కడపటిదిగా అమ్ముట తప్పు. మొదటిదానినే కడపటిదిగా కొనుటయు తప్పు.

ఇందుకు తోడుగా పరిశుద్ధ గ్రంథములో మనము ఎక్కువగా చదువని ఒక మాట గలదు. యిర్మీయా 48వ అధ్యాయము 11వ వచనమున ప్రవక్త మోయాబును గూర్చి మాటలాడుచు, ఆ జనము చిన్ననాటినుండి నెమ్మదిగా తన మడ్డిమీదనే కూర్చున్నదనియు, ఒక కుండలోనుండి మరియొక కుండలోనికి పోయబడలేదనియు, అందుచేత దాని రుచి గాని వాసన గాని మారలేదనియు చెప్పుచున్నాడు. మనము అది మెప్పు అనుకొందుము. మారని వాసన మంచిదే కదా! ప్రవక్తయైతే దానిని నిందగా చెప్పుచున్నాడు. కష్టము ఎరుగనందున మారలేదు. కదలింపబడనందున మడ్డి దిగిపోలేదు. మారకుండుట యెల్ల వేళల నమ్మకత్వము కాదు. ఒక్కొక్కప్పుడు అది ఎవరును మనలను పరీక్షింపలేదనుటకు గుర్తు మాత్రమే.

ఈ మాట మన పడమటి కర్నూలు గ్రామములకు ఎంత దగ్గరగా తగులుచున్నదో చూడుడి. ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, ఆస్పరి ప్రాంతములలో వాన చాలని సంవత్సరములలో పైరు పని త్వరగా ముగిసిపోవును. అప్పుడు కుటుంబములు ఇండ్లకు తాళములు వేసి, ముసలివారిని పిల్లలను ఊరిలో వదలియో, పిల్లలను వెంటబెట్టుకొనియో, గుంటూరు ప్రాంతమునకు మిరపకాయలు కోయుటకు పోవుచున్నవి. మరికొందరు బెంగళూరునకు ఇండ్ల కట్టడపు పనులకు పోవుచున్నారు. నెలల తరబడి గుడిసెలలో నివసించి, అనేకులు ఉగాదినాటికి తిరిగి వత్తురు. వీరు ఒక కుండలోనుండి మరియొక కుండలోనికి, అందులోనుండి ఇంకొక కుండలోనికి పోయబడువారు. వీరి వాసన మారకుండుట ఎట్లు?

వారు వచ్చిన మొదటి ఆదివారము మన మందిరములలో ఏమి జరుగునో తలంచుకొందము. వారి మూటలలోను బట్టలలోను మిరపఘాటు ఇంకను పోలేదు. చేతులు ఎన్నిసార్లు కడిగినను మంట తగ్గలేదు. చాపమీద ప్రక్కన కూర్చున్నవారు దగ్గి, కొంచెము ఎడముగా జరుగుదురు. ఆరాధన అయిన పిమ్మట మాటలు మొదలగును: “ఇన్ని మాసములు కానుక పంపలేదు.” “ఆదివారముకూడ పనికి పోయిరట.” “ఆ పిల్లవాడు పోకముందు ఎంత చక్కగా వాక్యము అప్పగించెడివాడు! ఇప్పుడు నోరు తెరవడు.” “వాసన పోయినది.”

ఈ తీర్పు మొదటి వాసనమీద తీర్చిన తీర్పు. అక్కడ ఆదివారము పని మానవలెనో కూడదో చెప్పువాడు మేస్త్రీ గాని కూలివాడు కాడు. ముందుగా తీసికొన్న బయానా సొమ్ము తీరువరకు అతని దినములు అతనివి కావు. నోరు తెరవని ఆ పిల్లవాడు నెలలకొలది బడి మాని, చెల్లెలిని ఎత్తుకొని చేనిగట్టున కూర్చున్నాడేమో. అతని నోటిలో వాక్యములేదు గాని, ఆ చెల్లెలు ఎవరిచేతిలో నెమ్మదిగా నిద్రపోవునో అడిగినయెడల అడుగున ఏమి మిగిలినదో తెలియును. పాఠము అప్పగించుట మొదటి వాసన. చెల్లెలిని మోయుట కడవరి వాసన.

బేతనియలోని ఇంటిలోను ఇట్టి తొందరయే జరిగెను. యోహాను సువార్త 12వ అధ్యాయమును, మార్కు సువార్త 14వ అధ్యాయమును ప్రక్కప్రక్కన పెట్టి చదువుడి. ఒక స్త్రీ విలువగల జటామాంసి అత్తరును తెచ్చి పోసినది. మూడు వందల దేనారములు దాని వెల అని అక్కడివారు లెక్క కట్టిరి. మత్తయి 20వ అధ్యాయములో ద్రాక్షతోట కూలివానికి దినమునకు ఒక దేనారము. కనుక అది కూలివాని యేడాది రెక్కల కష్టమునకు దగ్గరగానున్న సొమ్ము. ఇల్లంతయు వాసనతో నిండిన ఆ క్షణముననే తీర్పు వచ్చెను: ఇది వ్యర్థము, దీనిని అమ్మి బీదలకు ఇయ్యవచ్చును గదా! ఆ మాట చెడ్డమాట కాదు. బీదలను గూర్చిన మాట. కాని అది మొదటి వాసన చూచి చెప్పిన మాట.

ఆ జటామాంసి హిమాలయములలో 3,000 మీటర్లకు పైన పెరుగు మొక్క వేరునుండి వచ్చునదేయని పండితులు తలంచుచున్నారు. వేళ్ల నూనెలు సామాన్యముగా నిదానముగా విడుచునవి. పువ్వులవలె త్వరగా పోవునవి కావు. ప్రభువు ఆ కార్యమును తన భూస్థాపనతో జతపరచి మాటలాడెను. తక్కినవారు ఆ సాయంకాలపు వాసనను చూచిరి. ఆయన రాబోవు దినములలో నిలుచుదానిని చూచెను. అంతేకాదు, ఆమె తన తలవెండ్రుకలతో తుడిచినందున ఆ పరిమళము ఆమెకును అంటుకొనినది. ఇల్లు నిండినది గనుక, సణిగినవారి బట్టలకును అంటియుండవలెను. తాము వ్యర్థమని చెప్పినదానినే మోసికొని వారు ఇండ్లకు పోయియుందురని తలంచినప్పుడు, మనము ఇతరులను గూర్చి మాటలాడు వేగము కొంత తగ్గును.

ఇక్కడ ఒకరు అడుగవచ్చును: “అన్నిటికిని ఆరువరకు కనిపెట్టుకొనియుండవలెనా? ఇంటిలో దొంగ దూరినప్పుడుకూడ కడవరి వాసన చూచెదమా?” ఇది న్యాయమైన ప్రశ్న. తాగివచ్చి భార్యను కొట్టువానిని వెంటనే ఆపవలెను. కూలి ఎగవేయువానిని వెంటనే నిలదీయవలెను. బిడ్డలకు అపాయము కలిగినచోట ఓర్పు అనునది పిరికితనమునకు ముసుగు. ప్రసంగి 10వ అధ్యాయము మొదటి వచనములో చెప్పినట్లు, చచ్చిన ఈగలు పడిన తైలము కంపుకొట్టును. దానికి సాయంకాలమువరకు ఆగనక్కరలేదు. అయితే చెడ్డపనిని ఆపుట వేరు, మనిషిని ఇంతేయని ముద్రవేయుట వేరు. మొదటిది నేడే చేయవలెను. రెండవది చేయుటకు మనము కావలసినంత కాలము వేచియున్నామని ధైర్యముగా చెప్పగలవారు ఎవరు? పెండ్లిచూపులలో ఒక గంటసేపు చూచి పిల్ల గుణమును నిర్ణయించుదుము. ఉజ్జీవ కూటములలో గట్టిగా ప్రార్థించినవానిని పెద్దగా ఎన్నుకొందుము. వెనుక చాపమీద మాటలాడక కూర్చుండి, మూడేండ్లుగా ప్రక్కింటి గ్రుడ్డివానికి నీళ్లు మోయుచున్నవానిని మరచిపోవుదుము.

ఇప్పుడు పైన చేత పట్టుకొనుమన్న మాటను మరల ఎత్తుకొందము. వాసన నిలువనప్పుడు చర్మమును గూర్చికూడ అడుగవలెనని చెప్పితిమి. ఒకడు గొప్ప ఆసక్తితో సంఘములో చేరెను; రెండు సంవత్సరములకు చల్లారెను. “వాని భక్తి పైపైదే” అని చెప్పుట సులభము. వాడు చేరిన సంఘము పొడిబారియుండలేదా? వాని తల్లి మంచముపట్టినప్పుడు మనలో ఎందరు ఆ ఇంటికి పోయిరి? వాడు గుంటూరునకు పోవుదినమున బండియొద్దకు వచ్చి, “దేవుడు నీకు తోడుగా నుండునుగాక” అని చెప్పినవారు ఎందరు? ఊరిలో వదలిపోయిన వాని ముసలితండ్రికి ఆ మూడు మాసములు ఒక పూట సంగటి పెట్టినవారు ఎందరు? మంచి అత్తరునైనను ఎండిపోయిన చర్మము పట్టి ఉంచలేదు. మల్లె చందనము లేక నిలువలేనట్లు, క్రొత్త ఆసక్తి పాత ప్రేమ లేక నిలువదు. పువ్వు త్వరగా పోయినదని ఫిర్యాదుచేయు చందనము ఎక్కడనైనను ఉన్నదా?

మన సొంత సంగతిలో ఇంకొక చిక్కు గలదు. అత్తరు రాసికొన్నవాని ముక్కు కొద్దిసేపటికి ఆ వాసనకు అలవాటుపడి, దానిని పసికట్టుట మానుకొనును. వాసన పోలేదు, ఎదుటివారికి తెలియుచునే యున్నది, రాసికొన్నవానికి మాత్రము తెలియదు. అందుచేత కొందరు మరల మరల పూసికొని ప్రక్కవారికి తలనొప్పి తెప్పింతురు. చెడువాసన విషయములోను ఇదే జరుగును. తోలు పనిచేయువాడు, చేపలమ్మువాడు తమ ఇంటి వాసన తాము ఎరుగరు. అట్లే మన మాటలలోని గర్వము, మన మౌనములోని కోపము మన ముక్కునకు అందవు. “నాయందు ఏమి మిగిలినది?” అను ప్రశ్నకు మనము మనలను అడిగి జవాబు పొందలేము. మనతో చాలకాలము కాపురమున్నవారిని, మనయొద్ద కూలికి వచ్చువారిని, మనకు అప్పుపడినవారిని అడుగవలెను. వారు చెప్పుటకు భయపడని రీతిగా అడుగవలెను. ఇది చేదైన పరీక్ష. అయినను అత్తరు పనివాడుకూడ ఒక్కడే తన సరకును నిర్ణయింపక, మరియొకని ముక్కునకు చూపును.

కాబట్టి మా మనవి ఇది. వలసపోయిన మన కుటుంబములు ఈ సంవత్సరము తిరిగి వచ్చునప్పుడు, వారిని గూర్చి ఏమియు నిర్ణయింపక కొన్ని ఆదివారములు గడువనిత్తము. కానుకల పట్టీ ముందుగా తెరువక, వారి ఇంటి తలుపు ముందుగా తట్టుదము. మిరపఘాటు గల బట్టలతో వచ్చిన తల్లి కూర్చున్న చాపమీద, ఎడముగా జరుగక, దగ్గరగా కూర్చుందము. బడి మానిన పిల్లలను మరల బడిలో చేర్చుటకు సంఘపు పెద్దలు పంతులుగారియొద్దకు వెంట పోవుదురుగాక. తిరిగి వెళ్లవలసినవారు వెళ్లునప్పుడు వారి ముసలివారి అన్నమును గూర్చి ముందే మాట ఇత్తము. ఇట్లు ఒక సంవత్సరము చేసిన పిమ్మట వారిలో ఏమి నిలిచినదో మాటలాడుటకు మనకు కొంత అర్హత కలుగును. అప్పటికి ఆ మాట చెప్పవలసిన అవసరముకూడ ఉండకపోవచ్చును.